ఇంటికి వచ్చిన తపాలా కచేరి



నేడు నేను ప్రసంగింపబోవునది ఉత్తరములను గూర్చి. మనము చిన్ననాట నెఱిగిన కార్డును గాదు, కవరును గాదు. కంప్యూటరు మీద వ్రాసి క్షణములో ఖండాంతరములకు పంపెడి ఈ-మెయిలును గూర్చి. ఆ జాబులను ఇంటి బల్ల మీది యంత్రములో తెఱచి, చదివి, భద్రపఱచుకొనుటకు ప్రత్యేకముగ నొక ప్రోగ్రాము ఏల పుట్టినది, ఎవరి చేతులలో పెరిగినది, నేడు మన యింటికి అట్టిదానిని తెచ్చుకొనదలచినచో ఏమి చూచి తెచ్చుకొనవలెను అను సంగతులు చెప్పుదును. ఇది పిల్లల వ్యవహారము గదా, మనకేల యని కొందఱు తలంపవచ్చును. పిల్లలు డల్లాసులోనో మెల్బోర్నులోనో కాపురముండగా వారి జాబులు వచ్చునది మనకే. బ్యాంకు లెక్కలు, పొలము పత్రముల నకళ్లు, వైద్యశాల చీటీలు, మనుమల ఛాయాచిత్రములు ఈ దారిననే వచ్చుచున్నవి. ఫోనులో వాట్సాపు లేదా యందురేమో. ఉన్నది, అది వీథి యరుగు మీది మాట. నేను చెప్పునది పెట్టెలో దాచుకొనదగిన జాబు మాట.

దాచుకొనుట యనగా మనకు క్రొత్త గాదు. కర్నలు కాలిన్ మెకంజీ, అతని కొల్వున నున్న కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరులు, తెలుగు దేశపు గ్రామ చరిత్రములను కైఫియత్తులుగా వ్రాయించిరన్న సంగతి మీలో పలువురెఱిగినదే. మెకంజీ 1821లో గతించెను. ఆ కైఫియత్తులలో పెక్కింటికి ఆధారమేమి? ఊరూర కరణముల యిండ్లలోని దండకవిలెలు. ఏ చెఱువు నెవడు త్రవ్వించెను, ఏ గుడికి ఎన్ని కుచ్చెళ్ల మాన్యమిచ్చిరి, ఏ యేట కఱవు వచ్చెను, అను ముచ్చటలు అటక మీది తాటాకులలో నుండెను. రాజులు మాఱిరి, కోటలు కూలెను. కవిలె కట్ట మాత్రము ఇంటివాని యధీనమున నిలిచెను. నేటి జాబు ఎవరి యింట నుండును? ఈ-మెయిలు చరిత్ర నంతయు నేను ఈ ప్రశ్నతోడనే చూచుచుందును.

1971వ సంవత్సరమున అమెరికా దేశమునందలి మసాచుసెట్సు రాష్ట్రపు కేంబ్రిడ్జి పట్టణమున రే టామ్లిన్సన్ అను ఇంజనీరు ఒక యంత్రము నుండి మఱొక యంత్రమునకు జాబు పంపెను. ఆ రెండు యంత్రములును ప్రక్కప్రక్కనే యుండెను గాని, జాబు మాత్రము ఆర్పానెట్ అను యంత్రజాలము గుండ వెళ్లెను. మనిషి పేరునకును యంత్రము పేరునకును నడుమ ఏ గుర్తు నుంచవలె నన్నది అతనికి కలిగిన ప్రశ్న. మీట పలకను చూచి, వర్తకులు బిల్లులలో ధర వేయుటకు వాడెడి గుర్తు నొకదానిని తీసికొనెను. మన అంగళ్లలో దానినే 'ఎట్ ద రేట్' అందురు. ఫలానావారు, ఫలానా యంత్రము వద్ద, అంతే చిరునామా. పేర్లలో ఆ గుర్తు రాదు గనుక తికమక లేదు. చిన్న యుపాయము. టామ్లిన్సన్ 2016లో గతించెను. అతని గుర్తు కోట్ల చిరునామాలలో నున్నది.

ఆ కాలమున జాబులన్నియు ఒకే దస్త్రములో ఒకదాని క్రింద నొకటి వచ్చి పడుచుండెను. మూడవది కావలెనన్నచో మొదటి రెండును కండ్ల ముందర దొరలి పోవలసినదే. 1972లో లారెన్సు రాబర్ట్సు అనునతడు జాబులను పట్టికగా చూపి, కోరినదానిని తీసి చదువుటకు వీలగు ప్రోగ్రాము వ్రాసెను. 1975లో జాన్ విట్టల్ అనునతడు తన ప్రోగ్రాములో 'జవాబు' అను నాజ్ఞను చేర్చెను. జాబు పంపినవాని చిరునామా మరల వ్రాయ నక్కఱలేకుండ యంత్రమే వేసికొనును. ఉత్తరము వచ్చిన వెంటనే జవాబు వ్రాయవలెనని మన పెద్దలు చెప్పినది అంత సులువైనది.

1982 ఆగస్టులో జోనాథన్ పోస్టెల్ అను శాస్త్రజ్ఞుడు జాబుల రవాణాకు నియమములను గ్రంథస్థము చేసెను. ఎస్.ఎం.టి.పి. యని దానికి పొట్టిపేరు. ఇది ఒక తపాలా కచేరి నుండి మఱొక తపాలా కచేరికి సంచి పోవు దారి వంటిది. మఱి తపాలా కచేరి నుండి ఇంటికి జాబు వచ్చుట యెట్లు? పెద్ద యంత్రముల కాలమున ఆ ప్రశ్నయే లేదు. అందఱును ఆ పెద్ద యంత్రము నెదుటనే కూర్చుండి చదివికొనిరి. అనగా పోస్టాఫీసులోనే కాపురము. 1981లో ఐ.బి.యం. వారి చిన్న కంప్యూటరును, 1984లో మెకింటాషును వచ్చి బల్లల మీదికి ఎక్కిన పిమ్మట కథ మాఱినది. చిన్న యంత్రము రాత్రి వేళ ఆర్పివేయబడును; దానికి తీగె సంబంధము ఎల్లపుడును ఉండదు. తలుపు మూసిన యింటికి టపా యెట్లు ఇత్తురు?

అందులకు 1984లో పుట్టినది పాప్ అను నియమము. దాని ఇంగ్లీషు పేరులోనే పోస్టాఫీసను మాట యున్నది. జాబు తపాలా కచేరిలో, అనగా ఎప్పుడును మెలకువగా నుండు సర్వరు అను పెద్ద యంత్రములో, వేచియుండును. ఇంటివాడు తన కంప్యూటరును వెలిగించి తీగె కలుపును. అతని ప్రోగ్రాము కచేరికి పోయి పేరు చెప్పి, సంకేతపదము చెప్పి, ఎన్ని జాబులున్నవని అడుగును. ఒక్కొక్కటి తీసికొని, తీసికొన్నదానిని అచట చెఱిపివేయుమని చెప్పి వచ్చును. ఇల్లు చేరిన జాబు ఇంటిదే. కచేరివానికి దానితో ఇక పొత్తు లేదు. ఈ నియమము మూడవ రూపము 1988లో వెలసి నేటికిని చెల్లుచున్నది.

దీనికి సోదరుని వంటి మఱొక నియమము ఐమాప్. మార్కు క్రిస్పిన్ అనునతడు 1986లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున దీనిని కల్పించి, తరువాత వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున పెంచి, 2012లో గతించెను. ఇందు జాబు కచేరిలోనే యుండును. ఇంటి కంప్యూటరు నుండియు, కార్యాలయపు కంప్యూటరు నుండియు, నేడు జేబులోని ఫోను నుండియు దానిని చూడవచ్చును. ఒకచోట చదివినచో అన్నిచోట్లను చదివినట్లే గుర్తుండును. సౌకర్యమునకు కొదవ లేదు. కాని ఇంటి యంత్రములో కనబడునది అద్దములోని ప్రతిబింబము వంటిదని మఱవరాదు. కచేరిలోని జాబు చెఱిగినచో, మరల తీగె కలిసినప్పుడు ఇంటి ప్రతియు దానితోపాటు చెఱిగిపోవును. తమ యింట ప్రతి యున్నదని నమ్మిన పలువురకు ఈ సూక్ష్మము తెలియదు. దీని సంగతి చివర మరల చెప్పుదును.

ఇప్పుడు నాకు మిక్కిలి ఇష్టమైన కథ. 1988లో ఇల్లినాయి విశ్వవిద్యాలయమున పనిచేయుచున్న స్టీవ్ డార్నర్ అను యువకుడు మెకింటాషు కొఱకు ఈ-మెయిలు ప్రోగ్రాము నొకదానిని వ్రాయ మొదలిడెను. ఏడాదికి పైగా పట్టినది. ఏబది వేల పంక్తులైనది. రేయింబవళ్లు జాబులతోడనే మెలగుటచే తాను తపాలా కచేరిలోనే కాపురమున్నట్లు అతనికి తోచినదట. అప్పుడతనికి, తాను చదివిన కథ యొకటి జ్ఞప్తికి వచ్చెను. మిసిసిపి రాష్ట్రపు రచయిత్రి యుడోరా వెల్టీ 1941లో ప్రకటించిన కథ అది. అందు ఒక పల్లెటూరి పోస్టుమిస్ట్రెసు ఇంటిల్లిపాదితోను తగవులాడి, తన సామాను మూటగట్టుకొని పోస్టాఫీసులోనే కాపురము పెట్టును. కథ పేరునకు అర్థము 'నేను పోస్టాఫీసులో ఏల ఉందును' అని. డార్నరు ఆ రచయిత్రి పేరునే తన ప్రోగ్రామునకు పెట్టి యుడోరా యనెను. ఆమె ఈ సంగతి విని నవ్వుకొని సంతసించినదని చెప్పుదురు. ఆ కథ పేరును తిరుగవేసి, మీరున్న చోటికే పోస్టాఫీసును తెత్తుమని ఆ ప్రోగ్రామునకు ఒక నానుడి కూడ నేర్పఱచిరి. పోస్టాఫీసులో మనము కాపురముండుటయా, మన యింటికి పోస్టాఫీసు వచ్చుటయా. నేను ప్రశ్నగా నడిగినదానిని ఆ యువకుడు ముందే గ్రహించెను.

విశ్వవిద్యాలయము ఆ ప్రోగ్రామును ఉచితముగా పంచెను. 1991లో కాలిఫోర్నియా రాష్ట్రపు క్వాల్కామ్ అను సంస్థ దాని హక్కులు పొంది, డార్నరును కొల్వున జేర్చుకొని, విండోసు యంత్రములకు గూడ దానిని విస్తరించెను. పది యేండ్లకు పైగా ఎందఱో దానినే నమ్మి తమ జాబులు దాచుకొనిరి. లాభము లేని వ్యాపారమును ఏ సంస్థయు చిరకాలము మోయదు. 2006లో ఇక దానిని పెంచబోమని క్వాల్కామ్ ప్రకటించెను. పండ్రెండేండ్ల తరువాత, 2018లో, కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియమువారు ఆ ప్రోగ్రాము మూలపాఠమును హక్కులతో సహా పొంది లోకమునకు వెల్లడి చేసిరి. గమనింపదగినది వేఱొకటి యున్నది. యుడోరా జాబులను సామాన్యమైన వరుస దస్త్రములుగా వ్రాసి యుంచెడిది. అందుచే ప్రోగ్రాము ఆగిపోయినను జాబులు ఆగలేదు. ఇతర ప్రోగ్రాములలోనికి వానిని తరలించుకొనుట సాధ్యమయ్యెను. బీరువా చేసిన వడ్రంగి ఊరు విడిచిపోయిననేమి, తాళపుచెవి మన మొలత్రాటనే యున్నది.

న్యూజీలాండు దేశమున డునెడిన్ నగరవాసి డేవిడ్ హారిస్ అనునతడు 1990లో పెగాసస్ మెయిల్ అను ప్రోగ్రామును వెలయించి ఉచితముగా నిచ్చెను. వాడుక పద్ధతిని తెలుపు పుస్తకములు అమ్మగా వచ్చిన సొమ్ముతో చాలకాలము నెట్టుకొని వచ్చెను. ఒక్క మనిషి, ఒక్క ప్రోగ్రాము, మూడు దశాబ్దములకు మించిన శ్రమ! పురాణమునకు వ్యాఖ్య వ్రాయుచు జీవితమును గడపిన పండితుల వంటివాడనిపించును.

మన దేశమున సామాన్యులకు ఇంటర్నెట్ తలుపులు తెఱచినది 1995 ఆగస్టు 15వ తేదీన. విదేశ్ సంచార్ నిగమ్ అను ప్రభుత్వ సంస్థ బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు నగరములలో ఆ సేవను ప్రారంభించెను. అది టెలిఫోను తీగె మీదుగా వచ్చెడిది. తీగె కలిసియున్నంత సేపు టెలిఫోను బిల్లు ఎక్కుచునే యుండును. ఆ సేపు ఆ యింటికి ఇంకొక ఫోను రాదు. కావున జనులు తీగె కలుపక ముందే జవాబులు వ్రాసి సిద్ధముగ నుంచుకొని, రెండు నిమిషములు తీగె కలిపి, వ్రాసినవి పంపి, వచ్చినవి దింపుకొని, తీగె కోసివేసి, ఆపై తీరికగా చదివికొనుచుండిరి. పాప్ నియమమును ఇంటి ప్రోగ్రామును ఇట్టి బీద సంసారమునకే పుట్టినట్లుండెను. జాబు మన యింట నుండుట ఆ దినములలో ఒక సిద్ధాంతము కాదు, పొదుపు.

తెలుగులో జాబు వ్రాయుట మాత్రము కష్టముగనే యుండెను. పోస్టెలు నియమము మొదట 128 గుర్తులకే చోటిచ్చెను. ఇంగ్లీషు అక్షరములును అంకెలును మఱికొన్ని చిహ్నములును అందులో నిండిపోయెను; మన యేబదియాఱక్షరములకు అందు పీట లేదు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున చదువుకొనుచున్న తెలుగు యువకులు దానికొక యుపాయము పన్నిరి. ఇంగ్లీషు లిపిలో 'టి' అను నక్షరమును చిన్నదిగా వ్రాసినచో తకారము, పెద్దదిగా వ్రాసినచో టకారము. 'ఏ' అను నక్షరమును రెండు మారులు వ్రాసినచో దీర్ఘము. ఇట్లు వ్రాసినదానిని ప్రోగ్రాము తెలుగు లిపిలోనికి మార్చును. దీనిని ఆర్.టి.ఎస్. అనిరి. 1990 దశకమున విదేశములలోని తెలుగువారు ఈ లిపితోడనే ఛందస్సును గూర్చి, వంటలను గూర్చి, మాండలికములను గూర్చి పుటలకు పుటలు వ్రాసికొనిరి. లిపి లేకున్నను భాష నిలుచునని వారు చూపిరి. నన్నడిగినచో, ఆ కాలపు తెలుగు జాబులను ఎవరైన ప్రోగు చేయవలసి యున్నది.

1992లో నథానియెల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ అను నిరువురు మైమ్ అను పద్ధతిని ఏర్పఱచిరి. దాని వలన ఏ లిపియైనను, చిత్రమైనను, పాటయైనను జాబుతో జతపఱచి పంపుట కుదిరినది. అంతకు ముందేడు, 1991లో, యూనికోడ్ అను సర్వలిపి పట్టిక వెలువడినది. అందు తెలుగునకును స్థానమిచ్చిరి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి యను తెలుగు ఖతి యంత్రముతో కూడ వచ్చినది. గోదావరీ శాఖ పేరు గల అక్షరములతో జాబు చదువ వీలైన పిదప మన భాషకు ఈ-మెయిలులో కాలు నిలిచినది.

ఇట్లు జాబు ఇంటికి వచ్చుచుండగా, వేఱొక వైపు నుండి పిలుపు వినబడినది. 1996 జూలై 4వ తేదీన సబీర్ భాటియా, జాక్ స్మిత్ అనువారు హాట్‌మెయిల్ అను సేవను తెఱచిరి. ఇంట ప్రోగ్రాము అక్కఱలేదు, కంప్యూటరు సొంతమైయుండ నక్కఱలేదు. ఊళ్లోని నెట్ సెంటరులో గంటకింత యని చెల్లించి కూర్చుండి జాబు చదువవచ్చును. కంప్యూటరు కొనలేని మన దేశపు విద్యార్థికి ఇది వరము. ఆ సేవను 1997 చివర మైక్రోసాఫ్టు కొనినది. 2004 ఏప్రిల్ 1వ తేదీన గూగుల్ సంస్థ జీమెయిలును ప్రకటించి, ఇతరులు రెండు మూడు మెగాబైట్లు ఇచ్చుచుండగా తాను వేయి మెగాబైట్లు ఇత్తుననెను. ఆ దినము సర్వమూర్ఖుల దినము గనుక పలువురు హాస్యమనుకొనిరట. హాస్యము కాదు. చోటు అంత యున్నప్పుడు జాబును ఇంటికి తెచ్చుకొను బాధ యేల? లోకము మరల పోస్టాఫీసులో కాపురము పెట్టినది.

ఇంటి ప్రోగ్రాములలో ఎక్కువ యిండ్లకు చేరినది 1997లో మైక్రోసాఫ్టు వెలువరించిన అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్. కంప్యూటరుతో ఉచితముగా వచ్చెను గనుక జనులు ఎంచుకొనకయే వాడిరి. దాని దస్త్రములు వేఱు రీతివి. ఒక్కొక్కటి రెండు గిగాబైట్లకు మించి పెరుగరాదు, పెరిగినచో చెడును. 2007లో వచ్చిన విండోస్ విస్టాలో దానిని తీసివేసిరి. దాని పిమ్మట వచ్చినవి కూడ ఒకటి వెంట నొకటి పోయినవి. విండోస్ మెయిల్ అను దానికి 2024 డిసెంబరు 31తో ఆదరణ ముగిసినది. దాని స్థానమున వచ్చిన క్రొత్త అవుట్‌లుక్ చూడ ఇంటి ప్రోగ్రామువలెనే యుండును గాని, ఇతర సంస్థల ఖాతాలను అందు చేర్చినచో ఆ జాబుల ప్రతులు మైక్రోసాఫ్టు సర్వరులకు పోయి అటనుండి వచ్చును. అరుగు మనది, కొట్టుగది వారిది.

నెట్‌స్కేప్ అను సంస్థ 1998లో తన మూలపాఠమును లోకమునకు విడిచినది. దాని నుండి మొజిల్లా అను ధర్మసంస్థవంటిది పుట్టినది; అందుండి 2004 డిసెంబరు 7వ తేదీన థండర్‌బర్డ్ మొదటి పూర్ణరూపము వచ్చినది. దానికిని కష్టకాలము తప్పలేదు. 2012లో మొజిల్లావారు దీనిపై ఇక నెక్కువ శ్రమ పెట్టలేమనిరి. వాడువారు విడువలేదు, చందాలు పంపిరి, పని చేయగలవారు పని చేసిరి. 2020లో దాని కొఱకు ప్రత్యేకముగ నొక అనుబంధ సంస్థ ఏర్పడి, ప్రధానముగా వాడువారి విరాళములతో నడుచుచున్నది. ఊరి పుస్తకభాండాగారములను చందాలతో నిలిపిన తరమువారికి ఈ పద్ధతి క్రొత్తగా తోచదు.

ఇంతగా ఇంటి కొట్టుగదిని గూర్చి చెప్పుట కొక కారణము గలదు. నా మిత్రులైన విశ్రాంతోపాధ్యాయు లొకరు విదేశమున చదువుకొనుచున్న తమ మనుమరాలికి ఆఱేడేండ్లు ఈ-మెయిలు వ్రాయుచు వచ్చిరి. ఆ పిల్ల అడుగును, వీరు చెప్పుదురు: మన యింటిపేరు ఎట్లు వచ్చెను, ముత్తాత ఏ కఱవులో ఈ యూరికి వలస వచ్చెను, ఊరి చెఱువు గండి పడినప్పుడు ఎవరెవరు కాపాడిరి. ఒక గ్రామ చరిత్రమే అందు తయారైనది. మిత్రునికి కంటి జబ్బు వచ్చి చాలకాలము ఖాతా తెఱువలేదు; తెఱచునప్పటికి అందేమియు లేదు. నిర్ణీతకాలము తెఱువనిచో తుడిచివేయుదుమని ఆ సంస్థవారు నియమములలో ముందే వ్రాసియుంచిరట. పోనీ మనుమరాలి వద్ద నున్నవిగదా యన్నచో, ఆమె ఖాతా కళాశాలవారిది; చదువు ముగియగానే మూసిరి. ఇద్దఱి ప్రతులును పరుల యింటనే యుండెను. ఇప్పుడు ఆయన యెనుబది దాటినవారు. మరల వ్రాయుమని నేనెంత చెప్పినను, అడిగెడి పిల్ల ప్రక్కన లేక కలము సాగదందురు.

ఇట్టి నియమము అరుదైనది కాదు. రెండేండ్లు వాడని సొంత ఖాతాలను తొలగింపవచ్చునని గూగుల్ సంస్థయే ప్రకటించి, 2023 డిసెంబరు నుండి అమలు జరుపుచున్నది. వారిది తప్పని నేననను. ఉచితముగా నిచ్చిన కొట్టు వారిది. మన ధాన్యమును మనము తెచ్చుకొనవలెను.

కావున ప్రోగ్రామును ఎంచుకొనునప్పుడు నేను మొదట అడుగునది దాని యందచందములను గూర్చి కాదు. జాబులను ఏ రీతి దస్త్రములలో వ్రాయును, ఆ ప్రోగ్రాము రేపు లేకపోయినచో వేఱొకటి వానిని చదువగలదా, యని యడుగుదును. థండర్‌బర్డ్ సాధారణముగ ఎంబాక్స్ అను పాత రీతిని వాడును. ఒక్కొక్క అఱకు ఒక్కొక్క దస్త్రము. జాబు వెనుక జాబు. పెక్కు ప్రోగ్రాములు దానిని చదువగలవు. విండోసు, మాక్, లినక్సు యంత్రములు మూడింటికిని అది దొరకును, వెల లేదు. మాక్ కంప్యూటరు గలవారికి దానితో వచ్చు మెయిల్ అనునది కూడ చాలును. తక్కినవారికి నా సలహా థండర్‌బర్డే.

పెట్టుకొను విధము కష్టము గాదు. మనుమడు ప్రక్కన నుండిన మఱింత సులువు. థండర్‌బర్డువారి సొంత స్థలము నుండియే దింపుకొనవలెను, ఇతరులు పంచునది వలదు. తెఱవగానే మీ పేరు, ఈ-మెయిలు చిరునామా అడుగును. ప్రసిద్ధ సంస్థల సర్వరుల పేర్లు దానికే తెలియును, తానే నింపుకొనును. తెలియనిచో చేత నింపవలెను: వచ్చు జాబులకు ఐమాప్ అయినచో 993వ పోర్టు, పాప్ అయినచో 995, పోవు జాబులకు 465 గాని 587 గాని. పోర్టనగా తపాలా కచేరిలోని కిటికీ సంఖ్య యనుకొనుడు. గూగులు 2022లోను, మైక్రోసాఫ్టు 2024లోను తమ సొంత ఖాతాలకు ఒట్టి సంకేతపదముతో ఇట్టి ప్రోగ్రాములను రానిచ్చుట మానిరి. కావున వారి పుట యొకటి తెఱచుకొని అందు సంకేతపదమును అడుగును. ఫోనులో సమ్మతి అడుగవచ్చును. అది మోసము గాదు, వారి ద్వారపాలకుడు. ఎవడో ఫోను చేసి ఆ సంఖ్య చెప్పుమన్నచో మాత్రము అది మోసమే, చెప్పరాదు.

ఐమాపా, పాపా యని అడుగును. ఫోనులోను ఇంటను రెండుచోట్ల చూచువారు ఐమాప్ కోరుకొనుడు. ఒక్క కంప్యూటరే వాడువారికి పాప్ చాలును. కాని సర్వరులో గూడ ప్రతి నుంచు మను గుర్తును మొదటి యేడాది తీయకుడు. జాబులలోని దూరపు చిత్రములను థండర్‌బర్డ్ అడుగక తెఱువదు. అది లోపమనుకొనవలదు, ఆ చిత్రముల మూలమున మీరు జాబు తెఱచిన వేళను ఎఱుగువారు కలరు. ఎవరో తెలియనివారు జతపఱచిన దస్త్రమును తెఱువరాదు. 2000 మే నెలలో ప్రేమలేఖ యను పేరుతో వచ్చిన దస్త్రమును తెఱచిన లోకమంతయు ఎట్లు చిక్కుపడినదో అప్పటి పత్రికలు చదివినవారెఱుగుదురు. అది ఒకరి చిరునామా పుస్తకములోని వారందఱికి తన్ను తానే పంపుకొనెను.

ఇక ఐమాప్ గూర్చి నేను ముందు చెప్పిన సూక్ష్మము. ప్రోగ్రాము ఎడమవైపు పట్టికలో 'లోకల్ ఫోల్డర్స్' అను పేరుతో వేఱొక అఱ యుండును. అది మాత్రమే అచ్చముగా మీ యింటిది. సర్వరులో ఏమి జరిగినను దానికి అంటదు. అందు ఏటికొక ఉపఅఱ చేసికొని, దాచదగిన జాబులను, వచ్చినవానితోపాటు మీరు పంపినవానిని గూడ, అందులోనికి ప్రతి తీయుడు. పంపినవానిని మఱచువారే యెక్కువ. పిదప ప్రోగ్రాము మూసివేసి, దాని సహాయ పట్టికలో చూపు ప్రొఫైల్ అను సంచి నంతను బయటి డిస్కునకు ఎక్కించి, ఆ డిస్కును పొలము దస్తావేజులున్న పెట్టెలోనే పెట్టవచ్చును. మా యింట సరస్వతీ పూజనాడు పుస్తకములు పీట మీద పెట్టక ముందు ఈ పని ముగింతుము. తెఱచియున్న ప్రోగ్రాము నుండి తీసిన ప్రతి యొక్కొక్కమారు చెడును గనుక, మూసిన పిమ్మటనే తీయవలెను.